1950 బ్రెజిల్ తెల్ల జెర్సీ: గుడ్డ బాగుంది, స్టార్లే ఎక్కువయ్యాయి

ముందే చెప్పేస్తున్నా, షాపు పేరు రాయను. బెంగళూరులో కమర్షియల్ స్ట్రీట్ నుంచి శివాజీనగర్ వైపు తిరిగే సందుల్లో జెర్సీలు, ట్రాక్ ప్యాంట్లు, కప్పులు, మెడల్స్ అమ్మే చిన్న షాపులు వరసగా ఉంటాయి చూడండి, వాటిలో ఒకటి. ఓనర్ పెద్దాయన మంచివాడు, తప్పు చూపిస్తే గొడవ పడకుండా నవ్వేసి ఒప్పుకునే రకం. వెయ్యి రూపాయల చొక్కా కోసం ఆయన్ని నలుగురిలో పెట్టడం నాకు ఇష్టం లేదు. కాబట్టి ఇది చొక్కా మీద రివ్యూ అనుకోండి.

చొక్కా ఏమిటంటే, 1950 వరల్డ్ కప్‌లో బ్రెజిల్ వేసుకున్న తెల్ల జెర్సీకి నకలు. తెల్ల ఒళ్లు, నీలం కాలర్, అంతే. కుట్టించడానికి 1,150 రూపాయలు అయింది, ఆరు రోజుల్లో ఇస్తామని తొమ్మిది రోజులకి ఇచ్చారు. ఈ ఊళ్లో అది ఆలస్యం కింద లెక్క కాదు.

బ్రెజిల్ అంటే పసుపు కదా, తెల్ల జెర్సీ ఏంటి అని మా బావ కూడా అడిగాడు. ఆయన క్రికెట్ మనిషి, ఆయనకి మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. మాది అనంతపురం. మా వైపు పిల్లలకి ఫుట్‌బాల్ అంటే ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) గ్రౌండ్లే, స్పోర్ట్స్ విలేజ్‌లో ఆడుకుంటూ పెరిగినవాళ్లం. అక్కడ మా కోచ్ సార్ ఎవరైనా గోల్‌కీపర్‌ని తిడితే ఆట ఆపేసి 1950 బ్రెజిల్ గోల్‌కీపర్ బార్బోసా కథ చెప్పేవాడు. ఆ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అప్పటినుంచీ ఆ తెల్ల చొక్కా ఒకటి కావాలని ఉండేది, ఉద్యోగం వచ్చి నాలుగేళ్లయ్యాక ఇప్పటికి కుదిరింది.

కథ తెలియనివాళ్ల కోసం. యుద్ధం వల్ల 1942, 1946 కప్పులు జరగలేదు. 1938 తర్వాత పన్నెండేళ్లకి బ్రెజిల్‌లో పెట్టారు. పదహారు టీములు ఆడాల్సింది, చివరికి వచ్చినవి 13. రానివాళ్ల బదులు వేరేవాళ్లని సర్దలేక ఉన్నవాళ్లతోనే కానిచ్చేశారు, దాంతో రెండు గ్రూపుల్లో నాలుగేసి టీములు, ఒకదాంట్లో మూడు, ఇంకోదాంట్లో రెండే రెండు. ఆ రెండూ ఉరుగ్వే, బొలీవియా. ఉరుగ్వే ఒక్క మ్యాచ్ ఆడి, 8-0 కొట్టి నేరుగా తర్వాతి రౌండ్‌కి వచ్చేసింది. మా ఊళ్లో సంక్రాంతి టోర్నమెంట్ కూడా ఇంతకంటే పద్ధతిగా జరుగుతుంది. ఇంగ్లండ్ మొదటిసారి వరల్డ్ కప్‌కి వచ్చి బెలో హొరిజాంటేలో అమెరికా చేతిలో 1-0తో ఓడింది కూడా ఇందులోనే, గోల్ కొట్టినవాడు హైతీలో పుట్టిన జో గెట్జెన్స్. అది వేరే చొక్కా కథ, వదిలేద్దాం.

ఇంకో విచిత్రం, ఈ కప్‌కి ఫైనల్ అని విడిగా లేదు. నాలుగు టీములు మిగిలాక మళ్లీ లీగ్ పెట్టారు. బ్రెజిల్ స్వీడన్‌ని 7-1, స్పెయిన్‌ని 6-1 కొట్టింది. ఉరుగ్వే స్పెయిన్‌తో 2-2 డ్రా చేసుకుని, స్వీడన్ మీద 3-2తో గట్టెక్కింది. అప్పట్లో గెలుపుకి రెండు పాయింట్లు. అంటే బ్రెజిల్‌కి నాలుగు, ఉరుగ్వేకి మూడు. ఆఖరి మ్యాచ్ ఈ రెండింటికే పడింది కాబట్టి అదే ఫైనల్ లెక్క అయింది, అందులో బ్రెజిల్ గెలవక్కర్లేదు కూడా, డ్రా చాలు.

1950 జులై 16, రియోలో మరకానా స్టేడియం, ఆ కప్ కోసమే కట్టింది. టికెట్ కొన్నవాళ్లే 1,73,850 మంది, లోపల ఉన్నవాళ్లు దాదాపు రెండు లక్షలంటారు. మన కంఠీరవ స్టేడియంలో పాతిక వేలు పడతారు, అలాంటివి ఏడు నిండినట్టు. సెకండ్ హాఫ్ మొదలైన రెండు నిమిషాలకే బ్రెజిల్ ఆటగాడు ఫ్రియాసా గోల్ కొట్టాడు. డ్రా చాలు అనుకున్నవాళ్లకి 1-0 అంటే పెళ్లి అయిపోయినట్టే కదా. 66వ నిమిషంలో ఉరుగ్వే ఆటగాడు గీజియా కుడివైపు నుంచి పరుగెత్తి బంతి మధ్యకి ఇస్తే స్కియాఫీనో సమం చేశాడు. అప్పటికీ కప్పు బ్రెజిల్‌దే. 79వ నిమిషంలో గీజియా మళ్లీ అదే కుడివైపు నుంచి వచ్చాడు. ఈసారీ మధ్యకే ఇస్తాడనుకుని గోల్‌కీపర్ బార్బోసా ఒక అడుగు అటు జరిగాడు. గీజియా ఇవ్వలేదు, బార్బోసాకీ పోస్టుకీ మధ్య ఉన్న సందులోంచి కొట్టేశాడు. 2-1.

ఆ ఒక్క అడుగు కోసం బార్బోసాని 2000లో చనిపోయేదాకా తిట్టారు. యాభై ఏళ్లు. మా కోచ్ సార్ ఇక్కడికి వచ్చి ఆగిపోయి, గోల్‌కీపర్‌ని తిట్టినవాడి వైపు చూసేవాడు, వాడు తలదించుకునేవాడు. (ఒకటి రెండుసార్లు ఆ వాడు నేనే.)

మనిషి తర్వాత తప్పు చొక్కా మీద పడింది. తెలుపులో దేశం ఎక్కడుంది, జెండాలోని పసుపు, ఆకుపచ్చ ఎక్కడా లేవు అన్నారు. 1953లో కొత్త యూనిఫాం కోసం కొహెయో ద మన్యాన్ అనే పత్రిక పోటీ పెట్టింది. షరతు ఏమిటంటే జెండాలో ఉన్న నాలుగు రంగులూ, పసుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, అన్నీ వాడాలి. గెలిచింది అల్దీర్ గార్సియా ష్లీ అనే 19 ఏళ్ల కుర్రాడు. పసుపు చొక్కా, ఆకుపచ్చ అంచు, నీలం నిక్కరు, తెల్ల మేజోళ్లు. ఈరోజు ప్రపంచమంతా బ్రెజిల్ అంటే గుర్తుపట్టే రూపం అదే. ఇందులో తమాషా ఏమిటంటే ఆ కుర్రాడిది ఉరుగ్వే సరిహద్దు ఊరు, ఆయన మనసు ఎప్పుడూ ఉరుగ్వే టీమ్ వైపే ఉండేది. ఇంటికి దొంగతనం భయం పట్టుకుంటే తాళం చేయమని పక్కింటి అబ్బాయికే చెప్పినట్టుంది ఈ వ్యవహారం.

తెలుపుని మర్నాడే తీసి పారేశారని చాలామంది రాస్తారు. అది నిజం కాదు, 1953 దాకా దాంట్లోనే ఆడారు, 1954లో పసుపు వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత 2019 కోపా అమెరికా (దక్షిణ అమెరికా దేశాల కప్పు) మొదటి మ్యాచ్‌లో బొలీవియా మీద మళ్లీ తెల్ల చొక్కా వేసుకుని 3-0తో గెలిచారు, 1919లో మొదటిసారి ఆ కప్పు గెలిచి వందేళ్లయిన సందర్భంగా.

సరే, షాపుకి వద్దాం. కేఆర్ పురం నుంచి మెట్రోలో ఎంజీ రోడ్ దిగి నడిచాను. బండి తీసుకెళ్లకండి, కమర్షియల్ స్ట్రీట్‌లో పార్కింగ్ వెతికే టైములో ఇంకో వరల్డ్ కప్ అయిపోతుంది. షాపు గోడ నిండా పసుపే. ఓనర్‌ని అడిగితే, ఇక్కడ హలసూరు పక్కన గౌతంపుర ఉంది కదా, పెలే విగ్రహం ఉన్న వీధి, వరల్డ్ కప్ వచ్చిందంటే ఆ వైపు నుంచి పిల్లలు వరసగా వచ్చి పసుపే అడుగుతారు, తెలుపు ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు అన్నాడు. నిజానికి నేను పడ్డ తిప్పలన్నిటికీ మూలం ఆ మాటలోనే ఉంది, అప్పుడు నాకు తట్టలేదు.

ఎంబ్రాయిడరీ మెషిన్ దగ్గర కూర్చున్నతను మదనపల్లె మనిషి. నేను ఫోన్లో అమ్మతో మాట్లాడటం విని, "మీది యాడన్నా?" అన్నాడు. అనంతపురం అంటే ముఖం విప్పారింది. అప్పటినుంచీ పని నాది కాదు, అతనిదే అయింది. వెనక పేరు ఏం వేయాలి, నెయ్‌మార్ వేసేదా అన్నాడు. వద్దన్నా, వరల్డ్ కప్‌లో వీపు మీద పేర్లు 1994 నుంచే వచ్చాయి, 1950 చొక్కా మీద పేరుంటే నవ్వుతారు అన్నాను. అతను నన్ను ఒకసారి కిందినుంచి పైదాకా చూసి, "ఎవురు నవ్వుతారన్నా?" అన్నాడు. నిజమే, ఎవరూ నవ్వరు. అయినా వద్దన్నాను.

గుడ్డ గురించి చెప్పాలంటే, దీనికి మార్కులు పూర్తిగా వేస్తాను. తిరుపూర్ నుంచి వచ్చిన కాటన్, మందంగా, మెత్తగా ఉంది. ఆన్‌లైన్లో ఏడెనిమిది వందలకి వచ్చే రెట్రో జెర్సీలు చాలావరకు పాలిస్టర్, మెరుస్తుంటాయి, ఒంటికి అంటుకుంటాయి, పాత ఫోటోల్లో చొక్కాలు అలా ఉండవు. ఇది వదులుగా వేలాడుతుంది, చెమట పీలుస్తుంది, భుజం దగ్గర కుట్టు రెండు వరసలు వేశారు. సైజు మాత్రం మీరు మామూలుగా వేసుకునేదే చెప్పండి. కొంచెం పెద్దది కావాలని నేను 42 చెప్పాను, చేతులు మోచేయి దాటి వచ్చాయి. కాలర్‌కి రెండు తెల్ల బటన్లు, ఒకటి మొదటిరోజే ఊగుతోంది. అమ్మ వచ్చినప్పుడు కుట్టిద్దాం అనుకుని వదిలేశాను.

ఇంటికొచ్చి కవర్ విప్పాక అసలు సంగతి చూశాను. గుండె మీద లోగో. బ్రెజిల్ ఫుట్‌బాల్ సంఘం సీబీఎఫ్ ఇప్పటి లోగో, పైన ఐదు స్టార్లు.

అర్థమవుతోందా? ఒక్కో స్టార్ ఒక్కో వరల్డ్ కప్‌కి. 1958, 1962, 1970, 1994, 2002. అంటే 1950 జులైలో మరకానాలో దిగిన టీమ్ గుండె మీద ఆ దేశం ఇంకా గెలవని ఐదు కప్పులు. ఒక్క కప్పు కూడా లేకపోవడమే కదా ఆ రోజు ఏడుపంతా! పైగా సీబీఎఫ్ అనే సంస్థ పుట్టిందే 1979లో, 1950లో ఉన్నది సీబీడీ అనే పాత సంస్థ. పెళ్లి ఫోటోలో మనవడు కనబడినట్టుంది. దగ్గరే నిలబడి లోగో చూసుకోకపోవడం నా తప్పే, కానీ 1950 అని చీటీ మీద రాసిచ్చాను కదా.

ఆరోజు రాత్రి బావ వచ్చాడు. వేసుకుని చూపించాను. తినే దోసె ఆపి, "ఇది ఏ స్కూల్ యూనిఫాం రా?" అన్నాడు.

కోపం వచ్చింది కానీ తర్వాత ఆలోచిస్తే, 1950లో బ్రెజిల్‌వాళ్లు చేసిన ఫిర్యాదు కూడా అదే. ఏ దేశానిదో తెలియని చొక్కా. కనీసం ఆ విషయంలో నకలు కచ్చితంగా వచ్చిందని సమాధానపడ్డాను.

ఇక ఉతుకు. ఇది శ్రద్ధగా చదవండి, మీ డబ్బులు మిగులుతాయి. చల్లటి నీళ్లలో, విడిగా, వేరే ఏ బట్టా కలపకుండా ఇరవై నిమిషాలు నానబెట్టాను. వచ్చి చూస్తే బకెట్లో నీళ్లు నీలం. కాలర్ రంగు దిగి, మెడ చుట్టూ, రెండు భుజాల మీదా లేత నీలం పరుచుకుంది. సరిగ్గా ఆకాశం రంగు. ఫుట్‌బాల్ తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, అది ఉరుగ్వే రంగు. వాళ్లకి మరకానాలో 79 నిమిషాలు పట్టింది, నా బాత్రూంలో ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది.

అమ్మకి ఫోన్ చేశాను. "కొత్త నీలం గుడ్డని తెల్లదాంతో కలిపి నానబెడతారా ఎవరైనా?" అంది. కలపలేదమ్మా, రెండూ ఒకటే చొక్కా అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అట్లాంటిది ఎందుకు కొన్నావు?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, బార్బోసా కథ అమ్మకి చెప్పే ధైర్యం రాలేదు.

షాపులో తర్వాత కనుక్కుంటే తేలింది ఏమిటంటే, ఒళ్లు గుడ్డ ఒక చోటినుంచి, కాలర్ గుడ్డ ఇంకో చోటినుంచి వస్తుంది. పసుపు జెర్సీకి ఆకుపచ్చ కాలర్ ఎప్పుడూ చేసేదే కాబట్టి ఆ గుడ్డ నమ్మకమైనది. నీలం నాకోసం అప్పటికప్పుడు చిక్‌పేట నుంచి మీటరు తెప్పించారు, ఉతికి చూడకుండానే కుట్టేశారు. కుట్టేముందు కాలర్ గుడ్డని విడిగా రెండుసార్లు ఉతకమని చెప్పండి, ఒకరోజు ఎక్కువైనా పర్వాలేదు. మరక నిమ్మకాయకీ, ఎండకీ సగం తగ్గింది. మిగతా సగం ఉంది, ఉంటుంది.

స్టార్ల సంగతి తేల్చుకుందామని శనివారం మళ్లీ వెళ్లాను. ఈసారి గోడ మీద కొత్తగా ఒకటి వేలాడుతోంది. నీలం చొక్కా, ముందు "ఇండియా 1950" అని. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆ కప్‌కి మనం వెళ్లనే లేదు. క్వాలిఫయింగ్‌లో మన గ్రూపులోని మిగతా టీములు తప్పుకుంటే మనకి చోటు దక్కింది, ఇటలీ, స్వీడన్, పరాగ్వేలతో గ్రూప్ కూడా పడింది, తీరా మనవాళ్లు రామన్నారు. ఆ మూడు టీముల గ్రూపు అని పైన రాశానే, నాలుగో ఖాళీ మనదే. లేని చొక్కాకి నకలు 950 రూపాయలు.

మదనపల్లె అన్న, "బూట్లు లేకుండా ఆడతారని మనోళ్లని రానియ్యలేదంట కదన్నా?" అన్నాడు. అందరూ చెప్పేది అదే, నేనూ చిన్నప్పుడు నమ్మాను. అప్పట్లో మన ఫెడరేషన్ చెప్పిన కారణాలు వేరు, ప్రాక్టీస్‌కి టైము చాల్లేదు, టీమ్ ఎంపికలో తేడాలొచ్చాయి అని. ప్రయాణం ఖర్చు చాలావరకు బ్రెజిల్‌వాళ్లే భరిస్తామన్నారు కూడా. అసలు మాట ఏమిటంటే అప్పట్లో మనకి ఒలింపిక్సే గొప్ప, వరల్డ్ కప్ అంటే అంత లెక్కలేదు. బూట్లు లేకపోవడం నిజమే, 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది ఉత్త కాళ్లతోనే ఫ్రాన్స్‌తో ఆడి 2-1తో ఓడారు, అదీ రెండు పెనాల్టీలు వదిలేసుకుని. ఆ ఒక్క గోల్ కొట్టిన సారంగపాణి రామన్ బెంగళూరు ఆటగాడు. అదే టీమ్‌లో ఆడిన అహ్మద్ ఖాన్ కూడా ఇక్కడివాడే.

ఇది చెప్పగానే అప్పటిదాకా లెక్కల పుస్తకంలో తల పెట్టుకున్న ఓనర్ పైకి చూశాడు. అహ్మద్ ఖాన్ పేరు ఆయనకి బాగా తెలుసు, వాళ్ల నాన్న ఆయన ఆట చూశాడట. ఆ తర్వాత అరగంట నా చొక్కా సంగతి ఎవరికీ గుర్తులేదు. టీ వచ్చింది. ఈ షాపులో ఇంకేం బాగున్నా లేకపోయినా ఆ టీ బాగుంది.

చివరికి లోగో సంగతి. వాళ్ల దగ్గర బ్రెజిల్ అని ఒకటే ఫైల్ ఉంది, మెషిన్‌లో అది పెడితే పసుపైనా తెలుపైనా అదే పడుతుంది. కొత్త ఫైల్ చేయించాలంటే డిజైనర్‌కి వేరే డబ్బు, ఒక్క చొక్కాకి గిట్టదు. కాబట్టి మీరు వెళ్తే లోగో అసలు వద్దనండి, ఉత్త తెల్ల చొక్కా, నీలం కాలర్ చాలు, వంద తగ్గిస్తారు కూడా. 1950 ఉరుగ్వే అడిగినా ఇదే జాగ్రత్త, వాళ్ల ఫైల్‌లో నాలుగు స్టార్లు ఉన్నాయి. రెండు కప్పులకి నాలుగేంటని అక్కడ వాదించకండి, 1924, 1928 ఒలింపిక్స్‌వి కలిపి వాళ్లు నిజంగానే నాలుగు పెట్టుకుంటారు. 1950 చొక్కా మీద ఉండకూడదు, అంతే.

నా చొక్కా లోగో మొత్తం విప్పితే గుడ్డ చిరుగుతుందని, స్టార్లు మాత్రం తీసేస్తానన్నాడు మదనపల్లె అన్న. డబ్బులు అడగలేదు. చిన్న బ్లేడు, సూది పట్టుకుని ట్యూబ్‌లైటు కింద కూర్చుని, 2002 నుంచి మొదలుపెట్టి ఒక్కో దారం లాగుతూ 1958 దాకా వచ్చాడు. నలభై నిమిషాలు పట్టింది. వెలుతురుకి ఎత్తి చూపించాడు. స్టార్లు పోయాయి కానీ వాటి చోట సూది గుచ్చిన చిన్న చిన్న కన్నాలు ఐదు గుంపులుగా కనబడుతున్నాయి.

"ఒకసారి ఉతికితే కలిసిపోతాయన్నా," అన్నాడు.

ఉతకడమే కదన్నా నా భయం.